ముప్ఫై అడుగుల ఇసుక

జూన్ 11

మావయ్యకి,

ఫోన్ చేస్తే నా మాటకి బదులు నీకు గాలి హోరు వినిపిస్తోందని అత్తయ్య చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నా. నా దస్తూరీ కోడి కెలికినట్టుంటుందని చిన్నప్పుడు తిట్టేవాడివిగా, ఇప్పుడు అనుభవించు.

కొత్త ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. ఇది ఆడపిల్లల కాలేజీ. ఇక్కడి బీచ్ వాలీబాల్ జట్టుకి నేను కోచ్‌ని. బీచ్ అన్నానని సముద్రం అనుకునేవు. ఈ చుట్టుపక్కల సముద్రం గోడమీద క్యాలెండర్లో తప్ప ఎక్కడా లేదు. ఒకచోట ఇసుక పోసి, మధ్యలో వల కట్టి, అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ ఆడతారు. మామూలు వాలీబాల్లో ఆరుగురు చేసే పని ఇందులో ఇద్దరే చెయ్యాలి, అదీ కాళ్ళు కూరుకుపోయే ఇసుకలో.

జట్టులో ఎనిమిది మంది పిల్లలున్నారు. మా ఆస్తిపాస్తులు చెప్తా విను. నాలుగు బంతులున్నాయి, అందులో ఒకదానికి పొద్దున గాలి కొడితే సాయంత్రానికి నీరసం. ఒక వల ఉంది. ఇక లైబ్రరీ వెనక, ఎప్పుడో భవనం కడదామని తవ్వి వదిలేసిన గొయ్యి మాది. ఇండోర్ హాలు బాస్కెట్‌బాల్ వాళ్ళది, దాంట్లోకి మేం తొంగి చూడొచ్చు, అంతే. పిల్లలు బట్టలు మార్చుకునేది తోట పనిముట్ల గదిలో, పారలకీ రబ్బరు గొట్టాలకీ మధ్య. నిన్న ఒక పిల్ల చొక్కా అనుకుని తోటమాలి సంచీ తలకి తొడుక్కుంది.

ప్రిన్సిపాల్ మేడమ్‌ని బతిమాలితే గొయ్యి నిండా ఇసుక పోయించారు. పండగ చేసుకున్నాం. మూడోరోజుకి ఒక్కళ్ళ మోకాళ్ళూ మోచేతులూ సవ్యంగా లేవు, చర్మమంతా గీరుకుపోయింది. నీళ్ళు చల్లితే మెత్తబడుతుందేమో అని చల్లాం. రొట్టెలా అట్టకట్టింది. ఇసుకల్లో కూడా రకాలుంటాయా మావయ్యా? యాభై ఏళ్ళు ఇసుకతో కాపురం చేసినవాడివి. తాపీ మేస్త్రీ మేనకోడలై ఉండి ఊరివాళ్ళని అడిగితే నీకే చిన్నతనం.

తొందరగా జవాబు రాయి.

నీ మిడత

-----

జూన్ 18

ఎగిరెగిరి పడే మా మిడతకి,

ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదువుకున్నాను. మీ అత్త ఒకసారి పైకి చదివి వినిపించింది. నాకేం వినపడలేదనుకో, అయినా ఆవిడ సరదా ఎందుకు కాదనాలి!

ఇసుకల్లో రకాలుంటాయా అంటావా? మనుషుల్లో ఎన్ని రకాలో అన్ని. నీకు పోసింది అసలు ఇసుకే కాదు. రాయిని మిషన్లో నలగ్గొట్టిన పొడి. దాని గింజకి మూలలుంటాయి. కాంక్రీటుకి అది మంచిదే, ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. పిల్లల ఒంటికి మాత్రం ఉప్పుకాగితంతో సమానం. నీకు కావాల్సింది ఏట్లో దొర్లి దొర్లి గుండ్రబడ్డ ఇసుక.

పరీక్ష చెప్తా. గుప్పెడు ఇసుక సీసాలో వేసి, నీళ్ళు పోసి, గట్టిగా ఊపి పక్కన పెట్టు. నువ్వు టీ తాగి వచ్చేసరికి పైన నీళ్ళు తేటపడాలి. ఇంకా టీ రంగులోనే ఉన్నాయంటే మట్టి కలిసినట్టు, వద్దను. రెండోది, కాస్త ఇసుక అరచేతుల మధ్య రుద్ది చెవి దగ్గర పెట్టుకో. గరగరమంటే వద్దు, సుయ్‌మంటే తీసుకో. ఈ రెండో పరీక్ష ఇప్పుడు నావల్ల కాదు. నీకు చెవులున్నాయి కాబట్టి చెప్తున్నా.

ఉన్నదాన్ని పారబోయకు. చుట్టుపక్కల ఎక్కడైనా స్లాబు పని జరుగుతోందేమో చూడు. ఆ మేస్త్రీకి నీ రాతిపొడి బంగారం. అతని దగ్గర ఏటి ఇసుక ఉంటే మార్చుకో. మెత్తగా మాట్లాడు, మేస్త్రీలు మెత్తటి మాటకి పడిపోతారు.

కొత్త ఇసుక పోసేలోపు గొయ్యి కొలత రాసి పంపు. వాన పడితే నీళ్ళెటు పోతాయో ఎవరైనా ఆలోచించారా, లేదా?

ఈమధ్య నేను సైటుకి వెళ్ళడం లేదు. కాస్త విశ్రాంతి తీసుకుంటున్నా. కాబట్టి ఎన్ని ఉత్తరాలైనా రాసుకో.

మావయ్య

-----

జూన్ 29

ఇసుక శాస్త్రవేత్త మావయ్యకి,

నీ నోరు చల్లగుండ! హాస్టలుకి కొత్త గదులు కడుతున్నారు, అక్కడి మేస్త్రీని పట్టుకున్నా. "మా మావయ్య కూడా మీ పనేనండీ" అన్నానో లేదో, కుర్చీ వేయించాడు. ఇసుకకి ఇసుక మార్పిడి ఖాయమైంది. సీసా పరీక్షా చేశాం, చెవి పరీక్షా చేశాం. ఎనిమిది మంది పిల్లలూ వరసగా నిలబడి అరచేతులు చెవులకి ఆనించుకుంటే, అటుగా వెళ్తున్న లెక్చరర్ గారు ఏమైందమ్మా అని కంగారుపడ్డారు.

రాతిపొడి అంతా వెళ్ళిపోయింది. గొయ్యి ఇప్పుడు ఖాళీగా ఉంది. కొలిచాను. పొడవు ముప్ఫై అడుగులు, వెడల్పు పంతొమ్మిది అడుగులు, లోతు నా మోకాలి దాకా. లైబ్రరీ గోడ వైపు నేల ఎత్తుగా ఉంది, కాలవ ఉన్నది అవతలి వైపు.

ఇంకో శుభవార్త. జంట కుదిరింది మావయ్యా! రెండు నెలలుగా వెతుకుతున్నా. ఎవర్ని చూసినా ఏదో ఒక లోపం కనిపించేది. ఇన్నాళ్ళకి నా మనసుకి నచ్చింది. అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు, ఊరంతా టముకు వేస్తుంది. సమయం చూసి నేనే చెప్తా.

ఉంటా. బంతి మళ్ళీ నీరసపడింది.

మిడత

-----

జూలై 6

మిడతా,

ముందు పని సంగతి. ముప్ఫై అడుగులంటే ఆటస్థలం అనుకోలేదు, కోళ్ళగూడు అనుకున్నా. ఇద్దరేగా ఆడేది, సరిపోతుందేమోలే. ఉత్తరంతోపాటు చీటీ పెట్టాను, అలాగే చెయ్యి. గొయ్యి మధ్యలో పొడవునా, బయటి కాలవ వైపుకి, ఒక చిన్న కాలవ తవ్వండి. కాలవకి నీళ్ళ వాటం ఉండాలి, పదడుగులకి ఒక అంగుళం చొప్పున కిందికి. అందులో చిల్లుల పైపు ముప్ఫై అడుగులు వేసి, చుట్టూ కంకర నింపి, పైన వడపోత గుడ్డ పరిచి, ఆ తర్వాతే ఇసుక పొయ్యాలి. గుడ్డ మర్చిపోతే ఇసుకంతా పైపులోకి దిగి, వచ్చే ఏడాదికి మళ్ళీ మొదటికొస్తావు.

ఇక రెండో సంగతి. చదవగానే నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మకి చెప్పొద్దన్నావు, చెప్పను. కానీ మేనమామని, నాలుగు మాటలు అడక్కుండా ఉండలేను. ఎత్తు సరిపోతుందా? కోపతాపాలు ఎలా ఉన్నాయి? చివరిదాకా నిలబడే జంటేనా?

తొందరేం లేదు, ఆలోచించుకుని రాయి.

మావయ్య

-----

జూలై 15

మావయ్యకి,

చీటీలో ఉన్నది ఉన్నట్టు చేశాం. కాలవ పిల్లలే తవ్వారు. వాళ్ళలో ఒక పిల్లది ఎడంచేతి వాటం. ఆ పిల్ల పార పడితే మట్టి ఎప్పుడూ పక్కదాని మీదే పడుతుంది. పైపు సగం దాకానే వచ్చింది. నువ్వు చెప్పావంటే ఏదో లెక్క ఉండే ఉంటుందనుకుని, కాలవ వైపు సగంలో వేసేశాం. గుడ్డ పరిచాం, ఏటి ఇసుక పోశాం. ఎంత మెత్తగా ఉందనుకున్నావు! మొదటిరోజు ఆట సాగలేదు, అందరూ పడుకుని దొర్లారు.

ఎత్తు గురించి అడిగావు చూడు, నీకు ఇంత తెలుసని నేననుకోలేదు! ఎత్తుకేం లోటు లేదు, అయిదడుగుల పది అంగుళాలు. కోపం ముక్కుమీదే ఉంటుంది. కోపమొస్తే ఎదురుగా ఏది ఉంటే దాన్ని తన్నడం అలవాటు, నేను మాన్పిస్తున్నా. చివరిదాకా అంటావా, మహా అయితే రెండేళ్ళు. తర్వాత ఎవరి దారి వాళ్ళది. నేను మళ్ళీ కొత్త జంటని వెతుక్కోవడమే. మా వృత్తిలో ఇది మామూలే మావయ్యా, బాధపడితే ఎలా?

మబ్బు పట్టింది. వల విప్పి లోపల పెట్టాలి.

మిడత

-----

జూలై 20

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి రెండు గ్లాసులు మంచినీళ్ళు తాగాను.

తన్నే మనిషా? రెండేళ్ళకా? ఇల్లు అద్దెకి తీసుకుంటున్నావా, సంసారం చేస్తున్నావా? మీ వృత్తిలో మామూలైతే ఆ వృత్తి మానెయ్. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ణి, ఇది చదివి ఊరుకోలేను. నేనెవరికీ చెప్పలేదు, మీ అత్తకి తప్ప. మీ అత్త కూడా ఎవరికీ చెప్పనంది.

వెంటనే రాయి.

మావయ్య

-----

జూలై 25

మావయ్యా,

అత్తయ్య ఎవరికీ చెప్పలేదు, అమ్మకి తప్ప. అమ్మ మొన్న పొద్దున్నే ఫోన్ చేసి, "ఎవడే వాడు, నిన్ను తన్నేది?" అని ఒకటే ఏడుపు. ఎవడమ్మా అంటే ఏడుపు, చెప్పమ్మా అంటే ఇంకా ఏడుపు. అరగంటకి గానీ సంగతి తేలలేదు. జంట అంటే ఆట జంట, మహానుభావా! ఇద్దరు ఆడపిల్లలు. పొడుగు పిల్ల వల దగ్గర నిలబడి అడ్డుకుంటుంది, ఎడంచేతి పిల్ల వెనక నుంచి బంతి తీస్తుంది. ఇద్దరూ రెండో సంవత్సరం చదువుతున్నారు. ఇంకో రెండేళ్ళలో చదువైపోతుంది, వెళ్ళిపోతారు. పొడుగు పిల్ల తన్నేది వల కట్టిన స్తంభాన్ని. అమ్మకి నవ్వాలో నిరాశపడాలో తెలియలేదు. చివరికి నిరాశే పడింది.

ఆ నవ్వు ఒక్కరోజే మిగిలింది. నిన్న రాత్రంతా వాన. పొద్దున వెళ్ళి చూస్తే కాలవ వైపు సగం బాగానే ఉంది, గోడ దగ్గరి ఎత్తు నేల మీది నీళ్ళన్నీ దిగి లైబ్రరీ వైపు సగం చెరువు. వల చెరువుగట్టున నిలబడ్డట్టుంది. మా ఆఫీసు సూపరింటెండెంటు గారు గొడుగేసుకుని వచ్చి చూశారు. "ఇసుకలో ఆడుకోడానికి కాలేజీ దాకా రావాలా అమ్మా? అదేదో ఇంటిముందే ఆడుకోవచ్చుగా" అన్నారు. ఆ స్థలం వాహనాల షెడ్డుకి కావాలని ఆయన చాలాకాలంగా అడుగుతున్నారట. వచ్చే నెల ఇరవైన కమిటీ వచ్చి చూస్తుంది. అప్పటికి ఆడే స్థితిలో లేకపోతే షెడ్డు వేసేస్తారు. ఆ తర్వాత వారంలోనే పోటీలు. జట్టు ఉంటుంది, ఆడుకునే చోటు ఉండదు.

పొడుగు పిల్ల గట్టు మీద కూర్చుని, "మనం తవ్విందంతా పోయినట్టేనా మేడమ్?" అంది.

నువ్వు రాసిన లెక్క తప్పింది మావయ్యా. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, అడగాల్సింది.

మిడత

-----

జూలై 30

అమ్మాయికి,

జంట సంగతి తేలినందుకు సంతోషం. మీ అత్తని నేనేమీ అనలేదు, ఆవిడే నన్ను అంది.

లెక్క తప్పిందన్నావు. తప్పే ఉంటుంది. విశ్రాంతి అని నీకు అబద్ధం రాశాను. రెండు నెలల కింద సైటులో పైనుంచి స్లాబు పనికి వాడే ఇనప పలక జారింది. పక్కకి తప్పుకోమని కింద వాళ్ళంతా అరిచారట, నాకు వినపడలేదు. పలక జానెడు దూరంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు ఇంజినీరు, మంచివాడే పాపం, "ఇంటిదగ్గర ఉండండి మేస్త్రీ గారూ, పని ఉంటే కబురు చేస్తాం" అన్నాడు. కబురు రాలేదు. చెవి పోయినా కొలత ఉందిలే అనుకున్నాను. ఇప్పుడు అదీ పోయింది.

పిల్లలు తవ్విన శ్రమంతా నావల్ల వృథా అయింది. వాళ్ళకి నా తరఫున చెప్పు. అక్కడెవరైనా మంచి మేస్త్రీని పెట్టుకో.

మావయ్య

-----

ఆగస్టు 2

మావయ్యా, మావయ్యా, మావయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

నీ లెక్క తప్పలేదు. నీ ఉత్తరం చదివి నాకు అన్నం సయించలేదు. హాస్టలు మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చి మళ్ళీ కొలిచా. పొడవు డెబ్భై రెండు అడుగులు! నేను ముందు కొలిచింది టేపుతో కాదు, నడిచి. ముప్ఫై అడుగులు వేశాను, ముప్ఫై అడుగులని రాశాను. నా అంగలు పెద్దవి కదా. కోళ్ళగూడు అని నువ్వు రాసినప్పుడైనా నాకు వెలగొద్దా? వేళాకోళం చేస్తున్నావనుకుని నవ్వుకున్నా. పైపు సగంలో ఆగినప్పుడైనా అడగొద్దా? తప్పు మొత్తం నాది. నీమీద వెయ్యడానికి మాత్రం ఒక్క క్షణం పట్టలేదు. నన్ను ఏమైనా తిట్టు.

పలక సంగతి ఇన్నాళ్ళూ దాచావు. దాని గురించి నీతో పోట్లాడేది ఉంది, కలిసినప్పుడు పోట్లాడతా.

ఇసుక సగం తీసి, కాలవ పొడిగించి, మళ్ళీ పొయ్యాలి. వాటం సరిచూసే కన్ను మాకు లేదు. మంచి మేస్త్రీని పెట్టుకోమన్నావు. పెట్టుకుంటున్నా. ఎప్పుడు బయల్దేరతావు? బస్సు దిగే చోట ఎడంచేతి పిల్ల, పొడుగు పిల్ల నీ పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడతారు. వినపడక్కర్లేదు, చదువుకుంటే చాలు.

మిడత

-----

ఆగస్టు 5

మిడతా,

డెబ్భై రెండా! మీ అత్తకి మూడుసార్లు చదివి వినిపించాను.

ఎనిమిదో తేదీ పొద్దున బస్సుకి వస్తున్నా. నీళ్ళ మట్టం చూసే గొట్టం నా దగ్గరుంది. పిల్లలకి టోపీలు కొని ఉంచు.

మావయ్య

-----

ఆగస్టు 29

మావయ్యకి,

నువ్వు బస్సెక్కిన మర్నాటి నుంచీ రాద్దామనుకుంటున్నా, ఈరోజుకి కుదిరింది. అన్నీ వరసగా చెప్తా.

కమిటీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం కుండపోత వాన. నేను కిటికీ దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డా. వాన వెలిసిన పావుగంటకి పిల్లలు కేకలు వేశారు. పైపు చివర నీళ్ళు ధారగా కాలవలోకి పడుతున్నాయి, ఇసుక మీద చుక్క నిలవలేదు. మర్నాడు సూపరింటెండెంటు గారు బూట్లు విప్పి లోపలికి దిగారు, వెతికి వెతికి లైబ్రరీ వైపు మూలకి వెళ్ళి కాలితో కెలికారు. పొడిగా ఉంది. "ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నారు. "మా మేస్త్రీ తాతయ్యా, మేమూ" అని పిల్లలు ఒక్క గొంతుతో చెప్పారు. ఆయన బూట్లు తొడుక్కుంటూ, "షెడ్డు క్యాంటీన్ పక్కన వేసుకోవచ్చులెండి" అన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ అప్పటికప్పుడు లైబ్రరీ మెట్ల కింద గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. బట్టలు మార్చుకోడానికి గది! గడియ కూడా ఉంది. కాళ్ళు కడుక్కోడానికి కుళాయి కూడా పెట్టిస్తామన్నారు.

పోటీల్లో మన జంట రెండు ఆటలు గెలిచి, మూడోదాంట్లో ఓడింది. చివరి సెట్టు పదిహేను పదమూడు. వాళ్ళు ఓడింది ఏళ్ళ తరబడి మంచి కోర్టుల మీద ఆడుతున్నవాళ్ళతో. ఆట అయ్యాక పొడుగు పిల్ల స్తంభం దాకా విసురుగా వెళ్ళింది. తన్నలేదు, వెళ్ళి అవతలి వాళ్ళకి చెయ్యి ఇచ్చి వచ్చింది. నాకు గెలిచినంత సంతోషమైంది.

నిన్న జట్టులో చేరతామని పంతొమ్మిది మంది కొత్తపిల్లలు వచ్చారు. బంతులు నాలుగే. అయినా మూడు రోజులుగా నా మొహం మీద నవ్వు పోవట్లేదని అమ్మ వీడియోలో చూసి అంది.

పలక గురించి పోట్లాడటం మర్చిపోయా. నువ్వు కనపడగానే కోపం ఎటు పోయిందో తెలీదు.

నీ మిడత

-----

సెప్టెంబరు 5

మా మిడతకి,

ఉత్తరం మీ అత్త పక్కింటావిడకి కూడా చదివి వినిపించింది. ఈసారి నేను వద్దనలేదు.

సోమవారం సైటుకి వెళ్ళాను. కబురు కోసం చూడకుండా నేనే వెళ్ళాను. ఇంజినీరుతో చెప్పాను: "నాకు కేకలు వెయ్యకండి, చేతులు ఊపండి. అందరం సైగలు నేర్చుకుందాం. పైన మిషన్ హోరులో చెవులున్నవాళ్ళకి మాత్రం ఏం వినపడుతుంది?" ఆయన తల గోక్కుని, సరే, కింది అంతస్తు పని చూడండి అన్నాడు. మూడు రోజులుగా వెళ్తున్నా. కుర్రమేస్త్రీలు సైగలు నాకంటే తొందరగా పట్టుకున్నారు. నన్ను వెక్కిరించే సైగ కూడా ఒకటి కనిపెట్టారు.

నీకు చెప్పనిది ఒకటుంది. నేను బయల్దేరే రోజు పొద్దున నువ్వు సంతకాల కోసం ఆఫీసుకి వెళ్ళావు చూడు, అప్పటి సంగతి. నేను చివరిసారి ఇసుక చదును చేసి, గట్టు మీద కూర్చున్నాను. పిల్లలు ఆడుతున్నారు. మన జంట ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోకుండానే అటూ ఇటూ ఎలా సర్దుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. ఎడంచేతి పిల్ల వచ్చి చూపించింది. వల దగ్గరున్న పిల్ల చెయ్యి వీపు వెనక పెట్టి, ఒక వేలు చూపిస్తే ఒక పక్కకి, రెండు వేళ్ళు చూపిస్తే ఇంకో పక్కకి. వెనకనున్న పిల్ల అది చూసి కదులుతుంది. "నోటితో చెప్తే అవతలివాళ్ళు వినేస్తారు తాతయ్యా" అని నా మొహానికి దగ్గరగా వచ్చి చెప్పింది.

అప్పుడు పొడుగు పిల్ల నా చెయ్యి పట్టి లేపింది. నాకెందుకమ్మా అన్నాను. వినలేదు. పదకొండో ఏట తట్ట నెత్తికెత్తుకున్నాను, అప్పటినుంచీ ఇసుక మోశాను, జల్లించాను, కలిపాను. దాంట్లో ఆడింది మాత్రం లేదు, ఏ ఆటా ఆడలేదు. పంచె ఎగగట్టి దిగాను. వేళ్ళ సందుల్లోకి ఇసుక చల్లగా వచ్చింది. మోకాలు నొప్పి గుర్తే రాలేదు.

పొడుగు పిల్ల ముందు నిలబడి వీపు వెనక రెండు వేళ్ళు చూపించింది. ఎటు కదలాలో తెలిసింది, కదిలాను. మొదటి బంతి నా ముక్కుకి తగిలింది. రెండోది చేతికి తగిలి చెట్టెక్కింది. మూడోది రెండు చేతులూ జోడించి, నువ్వు పిల్లలకి నేర్పుతున్నప్పుడు చూశానుగా, అలా కొట్టాను. వల దాటింది మిడతా. అవతలి మూల గీతకి లోపల పడింది. అవతలి పిల్లలిద్దరూ పరుగెత్తారు గానీ అందుకోలేకపోయారు.

కావాలని వదిలేశారేమో. అలా అయితే నాకు తెలియక్కర్లేదు. నువ్వు వాళ్ళని అడక్కు.

మీ మావయ్య